యాదిమరుపు మొదలైందా? ఇంటి నోట్‌బుక్ నుంచి డాక్టర్ గదిలో పరీక్ష దాకా

"నాయినకు ఈ మధ్య యాదిమరుపు ఎక్కువైంది సార్, స్కానింగ్ రాయండి." నల్లగొండలో నేను కూర్చునే గదికి వచ్చేవాళ్లు తలుపు దగ్గరే ఈ మాట అంటారు. స్కానింగ్‌లో మెదడు బొమ్మ కనిపిస్తుంది. పొద్దున తిన్నది సాయంత్రానికి యాదికుందో లేదో అందులో కనిపించదు. అది తెలియాలంటే ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకుని, మార్కులు వేసే పరీక్ష పెట్టాలి. నా పని అదే.

పరీక్షకు పట్టేది పది నిమిషాల నుంచి అరగంట. దానికి ముందు ఇంట్లో రెండు వారాల పని ఉంది. ఆ పని చేయకుండా వస్తే మార్కులను నమ్మలేం. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా పరీక్షకు ముందు చేయాల్సిన వాటికే ఇచ్చాను.

1. ముందు తేల్చుకోండి: మెల్లగా వచ్చిందా, ఉన్నట్టుండి వచ్చిందా?

నెలలు, ఏళ్ల మీద మెల్లగా పెరిగిన మరుపుకే ఈ పరీక్షలు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తికమకగా మాట్లాడుతుంటే కథ వేరు. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, పక్షవాతం, వీటిలో ఏదైనా కావచ్చు. ఈ కిందివాటిలో ఒక్కటున్నా నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి పోండి.

- గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో మొదలైన అయోమయం
- ఒకసారి బాగుండి, ఇంకోసారి మత్తుగా ఉండటం, లేనివి కనిపిస్తున్నాయనడం
- మూతి వంకర, చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం
- జ్వరం, విడవకుండా వాంతులు, ఫిట్స్

బాత్రూంలో జారి పడ్డ సంగతి కూడా యాది చేసుకోండి. పెద్దవాళ్లలో తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం మెల్లగా చేరొచ్చు. మబ్బుగా ఉండటం, మరుపు కొన్ని వారాల తర్వాత బయటపడతాయి. "అప్పుడెప్పుడో పడ్డది, అది తగ్గిపోయింది" అని వదిలేయకుండా డాక్టర్‌కు చెప్పండి. ఇక్కడ మాత్రం స్కానింగే ముందు.

2. రెండు వారాల నోట్‌బుక్

రెండు వందల పేజీలది అక్కర్లేదు, పిల్లల రఫ్ నోట్‌బుక్ చాలు. తేదీ, సమయం, జరిగింది జరిగినట్టు రాయండి. "మరుపు ఎక్కువైంది" అని రాస్తే నాకు ఏమీ తెలియదు. ఇట్లా రాయండి:

"బుధవారం పొద్దున 8: బీపీ గోలీ వేసుకుంది. 8.40కి మళ్లీ డబ్బా తీసింది. వేసుకున్నవ్ కదనే అంటే, 'నేనెప్పుడేసుకున్న?' అన్నది."

"శనివారం: అంగడి నుంచి ఉల్లిగడ్డ తెచ్చింది. సాయంత్రం ఉల్లిగడ్డ కోసం మళ్లీ సంచి పట్టుకుని బయల్దేరింది. గంప చూపిస్తే ఎవరు తెచ్చిండ్రని అడిగింది."

"ఆదివారం: పక్కింటి కోడలి పేరు నోటికి రాలేదు. పది నిమిషాలకు తనే చెప్పింది."

మూడోది నాకూ అవుతుంది, మీకూ అవుతుంది. పేరు జారి, మళ్లీ దొరికింది. మొదటి రెండింటిలో జరిగిన సంగతే మనసులో పడలేదు. యాది చేసినా, గంప ఎదురుగా పెట్టినా తిరిగి రాలేదు. నేను నోట్‌బుక్‌లో వెతికేది ఈ తేడానే.

పోల్చాల్సింది పక్కింటి ముసలాయనతో కాదు, మూడేళ్ల కిందటి అదే మనిషితో. ఎన్నడూ లెక్కలు చూసుకోని మనిషి ఇప్పుడు చూసుకోకపోతే అది లక్షణం కాదు. ముప్పై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషి చిల్లర దగ్గర తడబడితే అది లక్షణం.

గమనించాల్సిన చోట్లు:

- పైసలు: 2016 రూపాయల పింఛన్‌లో ఐదువందల నోట్లు నాలుగు. అవి ఎన్ని ఉన్నాయో, ఎక్కడ పెట్టిందో చెప్పగలుగుతోందా? దాచిన చోటు మరిచి, కోడలు తీసిందని గొడవ పడుతోందా?
- వంట: పప్పులో ఉప్పు రెండుసార్లు, పొయ్యి మీద పాలు మరిచిపోవడం. చేయి తిరిగిన జొన్నరొట్టె దగ్గర వరుస తప్పడం.
- దారి: రోజూ పోయే బాయికాడి దారిలో తికమక. కొత్తగా కట్టిన కాలనీలో దారి తప్పితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.
- మాట: అదే ప్రశ్న పావుగంటలో మూడుసార్లు. మాట దొరక్క "అది... అదేనే" అంటూ ఉండటం.
- కొత్త వస్తువు: టీవీ రిమోట్, కొత్త ఫోన్, కరెంటు పొయ్యి ఎంత చూపించినా పట్టుబడకపోవడం.
- ఇష్టాలు: భజనకు, పెళ్లిళ్లకు, చెర్వుగట్టు జాతరకు ముందుండే మనిషి కారణం లేకుండా ఇంట్లోనే కూర్చోవడం.

ఇంట్లోవాళ్లను అడిగే ఎనిమిది ప్రశ్నల పరీక్ష ఒకటుంది, పేరు ఏడీ8. నిర్ణయాలు, ఇష్టాలు, చెప్పిందే చెప్పడం, కొత్త పరికరాలు, నెల లేదా సంవత్సరం మరవడం, పైసల లెక్క, అనుకున్న పనుల యాది, రోజువారీ మరుపు, ఇవే అందులోని అంశాలు. గత కొన్నేళ్లలో మార్పు వచ్చిందా అన్నదే ప్రశ్న. రెండు లేదా అంతకన్నా ఎక్కువ అంశాల్లో "అవును" అంటే డాక్టర్‌కు చూపించాలి. పెద్దాయన బడి మొహం చూడకపోయినా ఇది పనికొస్తుంది, ఎందుకంటే జవాబు చెప్పేది మీరు.

*కొడుకులు ఊళ్లో లేకపోతే*

పాలమూరులో ఇది ఇంటింటి సమస్య. కొడుకు, కోడలు పుణెలోనో ముంబయిలోనో పనిలో ఉంటారు, అవ్వ ఒక్కతే ఊళ్లో. పండుగకు వచ్చి రెండు రోజులు చూసి "మంచిగనే ఉంది" అనుకుని పోతారు. రెండు రోజులు ఎవరైనా మంచిగనే ఉండగలరు.

ఫోన్‌లోనే గమనించండి. సోమవారం ఒక సంగతి చెప్పండి: "అవ్వా, చిన్నోడికి జ్వరమొచ్చింది." గురువారం ఫోన్ చేసినప్పుడు ఆమె తనంతట తను అడుగుతుందా చూడండి. అడగకపోతే కదిలించండి: "చిన్నోడి ముచ్చట చెప్పిన గద?" అప్పుడు యాదికొస్తే సరే. "ఏం ముచ్చట?" అంటే రాసుకోండి. పక్కింటివాళ్లతో, కిరాణా కొట్టాయనతో, ఆశా కార్యకర్తతో ఒకసారి మాట్లాడండి. కిరాణా కొట్టాయనకు మీకన్నా ముందే తెలిసి ఉంటుంది.

3. పరీక్షకు ముందు తొలగించాల్సిన అడ్డంకులు

మా మేనత్త సంగతి చెప్తాను. ఓ చోట పరీక్ష పెట్టించాం. మార్కులు బాగా తక్కువొచ్చాయి, డిమెన్షియా, అంటే మరుపు జబ్బు, అన్నారు. ఇంట్లో అందరం డీలా పడ్డాం. నెల తర్వాత చెవుల డాక్టర్ రెండు చెవుల్లోంచి గులిమి తీశారు. మళ్లీ పరీక్ష పెడితే మార్కులు దాదాపు మామూలుగా వచ్చాయి. మొదటిసారి ఆమెకు మాటలు గుర్తుండకపోవడం కాదు, అసలు వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి సిగ్గుపడి తలూపింది. ఈ పని తెలిసిన నేను పక్కనే ఉండి కూడా పట్టుకోలేకపోయాను.

చెవి, కన్ను. వెనక నుంచి మామూలు గొంతుతో పిలిచి చూడండి. గులిమి తీయించండి. మిషన్ ఉంటే బ్యాటరీ మార్చండి. శుక్లాలుంటే ఆపరేషన్ అయ్యాకే బొమ్మలు గుర్తుపట్టే, గీసే పరీక్ష.

గోలీలు. ఇంట్లో ఉన్నవన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చిన చీటీలేని గోలీలతో సహా, ఒక సంచిలో వేసుకోండి. నిద్ర గోలీలు (అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటివి), జలుబుకు వాడే పాత రకం గోలీలు, అమిట్రిప్టిలిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ పెద్దవాళ్లలో మరుపు తెస్తాయి. మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌కు చూపించండి.

కల్లు. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈ ప్రశ్న అడగకుండా పరీక్ష పెట్టడం తప్పు. చెట్టు కల్లు వేరు, దుకాణంలో మత్తు మందు కలిపిన కల్లు వేరు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు రోజూ తాగే మనిషికి మరుపు, తూలడం ఉంటాయి. అట్లని రేపటి నుంచి బంద్ అనకండి. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్, పిచ్చి మాటలు, ప్రాణాపాయం. మాన్పించేది డాక్టర్ చూపులోనే. ఎంత తాగుతారో నిజం చెప్పండి. "అప్పుడప్పుడు సార్" అన్న జవాబు నేను లెక్కలోకి తీసుకోను.

మనాది. భార్య పోయాక, కొడుకు దూరమయ్యాక వచ్చే డిప్రెషన్ అచ్చం మరుపు జబ్బులాగే కనిపిస్తుంది. చిన్న గుర్తు: డిప్రెషన్‌లో మనిషే "నాకేం యాదికుంటలేదు" అని బాధ పడతాడు, ప్రశ్న అడిగితే "ఏమో, తెల్వదు" అని వదిలేస్తాడు. మరుపు జబ్బు ముదురుతున్న మనిషి తనకేం లేదంటాడు, జవాబు ఏదో ఒకటి చెప్పి సర్దుకుంటాడు. రెండూ కలిసే ఉండొచ్చు కూడా.

రక్తం. థైరాయిడ్, విటమిన్ బీ12, సోడియం, షుగర్, కిడ్నీ, లివర్, రక్తహీనత. బీ12, థైరాయిడ్ తక్కువైతే వచ్చే మరుపును మందులతో సరిచేసే అవకాశముంది. జిల్లాలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం ద్వారా ఉచితంగా జరిగే పరీక్షలు ఏవో పీహెచ్‌సీలో అడిగి, అవి ముందే చేయించుకోండి.

చేతులు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు పెద్దవాళ్లలో ఫ్లోరోసిస్‌తో కీళ్లు, మెడ బిగుసుకుపోయినవాళ్లున్నారు. పెన్ను పట్టలేని చేతితో గడియారం బొమ్మ గీయమంటే మార్కులు పోతాయి. పరీక్ష పెట్టేవాళ్లకు ముందే చెప్పండి.

4. ఇంట్లో చిన్నగా చూసుకునే పద్ధతి

ముందుగా ఒక హెచ్చరిక. డాక్టర్ గదిలో 30 మార్కులకు పెట్టే మోకా, ఎంఎంఎస్‌ఈ లాంటి అసలు పరీక్షలను ఫోన్‌లో వెతికి ఇంట్లో పెట్టకండి. ఒక తండ్రికి కొడుకు వారం పాటు మోకాలో గుర్తుంచుకోమనే ఐదు మాటలు బట్టీ పట్టించాడు, "పరీక్షలో ఫెయిలవ్వొద్దు గద సార్" అని. ఆయన నా దగ్గర గడగడా చెప్పాడు. ఆ పరీక్ష నాకు దేనికీ పనికి రాలేదు.

ఇంట్లో చూడాలనుకుంటే ఇంటి వస్తువులతో చూడండి. వరుస ఇది:

1. పొద్దున తిన్నాక, టీవీ బంద్ చేసి, ఒక్కరే ఎదురుగా కూర్చోండి. మనవళ్లను బయటికి పంపండి.
2. తాళంచెవి, గరిటె, దువ్వెన, అగ్గిపెట్టె, దారపు ఉండ, ఐదూ ముందు పెట్టి ఒక్కొక్కటి పేరు చెప్పించండి. పేర్లు చెప్పగలిగితే చూపు, మాట బాగున్నట్టు.
3. వస్తువుల మీద తువ్వాల కప్పండి. ఏమేమున్నాయో ఒకసారి చెప్పించండి. తప్పితే మళ్లీ చూపించండి.
4. వస్తువులు తీసేసి పది నిమిషాలు వేరే ముచ్చట పెట్టండి. ఆ ముచ్చట్లోనే: వారాలు వెనక నుంచి చెప్పమనండి. ఐతారం, బేస్తారం అన్నా సరైనవే. "ఉల్లిగడ్డ కిలో 40. మూడు కిలోలు తీసుకుని ఐదువందల నోటిస్తే ఎంత తిరిగి రావాలే?" అని అడగండి (380). ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కపెట్టండి.
5. ఇప్పుడు అడగండి: "ఇందాక తువ్వాల కింద ఏమేం పెట్టిన?"
6. రానివాటికి చిన్న సూచన ఇవ్వండి: "తల దువ్వుకునేది ఒకటుండె." సూచనతో వస్తే ఒకలా, సూచన ఇచ్చినా రాకపోతే ఇంకోలా రాయండి.

మార్కులు వేయకండి. జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసి నోట్‌బుక్‌లో పెట్టండి. వస్తువులు పెట్టిన సంగతే మరిచిపోయి "ఏం తువ్వాల?" అంటే, ఆ ఒక్క వాక్యం చాలు, డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. ఇదంతా బాగా వచ్చినా నోట్‌బుక్‌లో గుర్తులు ఎక్కువుంటే కూడా బయల్దేరండి.

పెళ్లిలోనో దినాల్లోనో పదిమంది ముందు "నన్ను గుర్తు పట్టినవా, చెప్పు నేనెవర్ని?" అనే పరీక్ష మాత్రం దయచేసి మానేయండి. దాంతో తెలిసేదేం లేదు, మనిషి చిన్నబుచ్చుకుంటాడు.

5. ఎక్కడికి, ఏ పరీక్షకు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో మొదట జనరల్ మెడిసిన్, తర్వాత మానసిక వైద్య విభాగం. "పిచ్చి డాక్టర్ దగ్గరికెందుకు?" అని అవ్వ అంటే "యాదిమరుపు చూసే డాక్టర్" అనండి, అది అబద్ధమేమీ కాదు. న్యూరాలజీ అవసరమైతే హైదరాబాద్ నిమ్స్. ఎటు పోవాలో తెలియకపోతే టెలీ మానస్ 14416, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.

పరీక్షల్లో ఏది మీ మనిషికి సరిపోతుందో అడగండి:

- చదువు లేనివాళ్లకు: హెచ్‌ఎంఎస్‌ఈ (హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్). హర్యానా పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ల కోసం ఎంఎంఎస్‌ఈని మార్చి చేసింది. రుడాస్ కూడా చదువు మీద తక్కువ ఆధారపడుతుంది, అంగడి సరుకులు గుర్తుంచుకోమంటుంది.
- చదువుకున్నవాళ్లకు: మోకా. తొలిదశ మరుపును ఎంఎంఎస్‌ఈ కన్నా బాగా పట్టిస్తుంది. ఎంఎంఎస్‌ఈలో రిటైర్డ్ టీచర్లు సులభంగా గట్టెక్కుతారు.
- లోతుగా చూడాలంటే: ఏసీఈ, 100 మార్కులది. ఐసీఎంఆర్ తయారు చేసిన పరీక్షల సెట్ కూడా ఉంది, అది తెలుగుతో కలిపి ఐదు భాషల్లో సరిచూసింది.

భాష సంగతి తేలికగా తీసుకోకండి. దేవరకొండ తండాల్లో పెద్దవాళ్లకు లంబాడీలోనే ఆలోచన నడుస్తుంది. మహబూబ్‌నగర్ పాత బస్తీలో ఉర్దూ, నారాయణపేట వైపు కన్నడ. ఏ భాషలో కల కంటారో ఆ భాషలో పరీక్ష ఉండాలి. నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. చదువు లేనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. అందుకే నేను చదువెంతని అడిగాక, ఎన్ని భాషలని కూడా అడుగుతాను.

6. పరీక్ష రోజు

మామూలుగా జరిగే తప్పు: తెల్లారుజామున నాలుగింటికి లేపి, పరగడుపున బస్సెక్కించి, రక్తం ఇప్పించి, మధ్యాహ్నం పన్నెండింటికి నా ముందు కూర్చోబెట్టడం. ఆకలి, షుగర్ గోలీ, నిద్రలేమి, మూడూ కలిసి మార్కులు తింటాయి. పరగడుపు రక్త పరీక్ష వేరే రోజు పెట్టుకోండి, లేదంటే రక్తం ఇచ్చాక కడుపునిండా తినిపించి గంట ఆగండి.

వెంట తెచ్చేవి:

- నోట్‌బుక్
- కళ్లద్దాలు (దగ్గరి చూపువి), చెవి మిషన్
- గోలీల సంచి, పాత రిపోర్టులు
- రోజూ దగ్గరుండి చూసే మనిషి. మంచి మాటకారి అల్లుడు అక్కర్లేదు, వండిపెట్టే కోడలు కావాలి
- ఎంత చదివారు, ఏం పని చేశారు, ఎన్ని భాషలు: ఒక కాగితం మీద

రాత్రి సరిగ్గా నిద్రపోకపోయినా, జ్వరం వచ్చినా, ఆస్పత్రి నుంచి డిశ్చార్జై కొన్ని రోజులే అయినా వాయిదా అడగండి.

7. గదిలో ఎవరు ఏం చేయాలి?

మీరు చేయాల్సింది ఒక్కటే, ఊరుకోవడం. వీలైతే బయట కూర్చోండి.

మొన్న ఒక పెద్దాయనను అడిగాను: "పెద్దయ్యా, ఇది ఏ నెల?" ఆయన నా వైపు చూడలేదు. తల తిప్పి భార్య మొహం చూశాడు. ఆమె పెదవులు కదిపింది. "శ్రావణం" అన్నాడాయన. తర్వాతి ప్రశ్నకు మళ్లీ తల తిప్పాడు. ఏడు ప్రశ్నలకు ఐదుసార్లు. ఆ తల తిప్పడమే నాకు అన్నిటికన్నా పెద్ద సమాచారం. ఎన్నేళ్లుగానో ఆయన మరుపును ఆమె తన యాదితో పూడుస్తోంది, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. ఆమెను బయట కూర్చోమని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

తేదీ అడిగితే "శ్రావణం, బహుళ పంచమి" అని పెద్దవాళ్లు చెప్తే అది తప్పు కాదు. ఇంగ్లీషు తేదీయే కావాలని పట్టుబట్టేవాళ్లు ఎదురైతే మర్యాదగా గుర్తు చేయండి.

8. మార్కులు ఎట్లా చదవాలి?

మోకాలో 30కి 26 గీత. 12 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలుపుతారు. ఆ గీత బాగా చదువుకున్నవాళ్లను చూసి గీసింది. మూడో తరగతి చదివిన రైతును అదే గీతతో కొలిస్తే ఊరంతా రోగులే అవుతారు. ఎంఎంఎస్‌ఈలో 24కు తగ్గితే అనుమానం అన్న లెక్కా అంతే.

మొత్తం మార్కులకన్నా అవి ఎక్కడ పోయాయో అడగండి. గీయడం, లెక్కల్లో పోతే చదువు, చేతులు, కళ్లు కారణం కావచ్చు. కాసేపాగి మాటలు గుర్తు చేసుకునే చోట, సూచన ఇచ్చినా పోతే ఆలోచించాల్సిందే.

మార్కులు తగ్గినా తన పనులు తను చేసుకోగలిగితే దాన్ని ఎంసీఐ, అంటే స్వల్ప మరుపు దశ అంటారు. పనులకే అడ్డం పడితే డిమెన్షియా. ఎంసీఐ ఉన్నవాళ్లలో కొందరు అట్లనే ఉండిపోతారు, కొందరు మెరుగవుతారు, కొందరికి ముదురుతుంది. ఒక్క పరీక్షతో ఇందులో ఏదో చెప్పలేం.

"వయసైపోయింది, అందరికీ ఉండేదే" అని ఎవరైనా అంటే, దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నది నూటికి ఏడుగురికి పైన, అంటే తొంభై మందికి పైగా లేనివాళ్లేనని చెప్పండి. దేశంలో పెద్దవాళ్ల మరుపు మీద జరిగిన లాసీ-డ్యాడ్ సర్వే అంచనా 7.4 శాతం.

9. తర్వాతి ఆరు నెలలు

- మార్కుల కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. మొత్తం ఒక్కటే కాదు, జవాబుల పేజీతో సహా.
- చెవి, బీ12, థైరాయిడ్, గోలీలు సరిచేశాక, డాక్టర్ చెప్పిన గడువుకు, మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, మళ్లీ పరీక్ష. అదే పరీక్ష, అదే భాష, పొద్దునైతే పొద్దునే. మాటల జాబితా వేరేది ఉంటే అది అడగండి.
- గోలీలకు వారాల పెట్టె కొనండి. బ్యాంకు, పట్టాదారు పాస్‌బుక్ పనులు మనిషి ఒప్పుకుని సంతకం పెట్టగలిగిన ఇప్పుడే, ఆయనతో మాట్లాడే చూసుకోండి.
- బీపీ, షుగర్ అదుపులో పెట్టండి. భజన, అచ్చంగాయలు, బాయికాడికి నడక ఏది ఇష్టమైతే అది ఆగనివ్వకండి.
- నోట్‌బుక్ నెలకు నాలుగు రోజులు రాస్తే చాలు. రోజూ రాస్తూ కూర్చుంటే అవ్వకు అనుమానం వస్తుంది, మీకు టెన్షన్ పెరుగుతుంది.